అరవయ్యో ఏట సొంత వర్క్‌షాపు: భయం ఉండగానే మొదలుపెట్టినవారు చెప్పగలరా?

పంపుల మేస్త్రీ, కూర్మన్నపాలెం (సోమవారం, రాత్రి 9:20)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక పెద్ద కర్మాగారంలో పంపుల నిర్వహణ విభాగంలో 33 ఏళ్ళు పనిచేసి, అరవై నిండి మూడు నెలల కిందట పదవీ విరమణ చేశాను. తిరుగుతున్న పంపు శబ్దం విని, బేరింగ్ పోయిందా, కప్లింగ్ అలైన్‌మెంట్ తప్పిందా, చూషణ గొట్టంలోకి గాలి చేరుతోందా అన్నది చెప్పగలను. మన విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పంపులు, మెకానికల్ సీళ్ళు (తిరిగే షాఫ్టు దగ్గర ద్రవం కారకుండా ఆపే భాగాలు) బాగుచేసే చిన్న వర్క్‌షాపు పెట్టుకోవాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను. పరవాడ, అచ్యుతాపురం వైపు మందుల కంపెనీలూ రసాయన కంపెనీలూ ఉన్నాయి కనుక పని దొరుకుతుందన్న విషయంలో నాకు సందేహం లేదు.

అయినా అడుగు పడటం లేదు. ఒకే షెడ్డును రెండుసార్లు చూసి వచ్చాను. యజమాని అడ్వాన్సు మాట ఎత్తగానే ఇంట్లో మాట్లాడి చెబుతానని వచ్చేశాను, కానీ ఇంట్లో మాట్లాడనే లేదు.

కారణం నాకు తెలుసు. మా పెద్దన్నయ్య భీమిలి దగ్గర రొయ్యల చెరువులు వేశాడు. 1995 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు వచ్చి తీరం పొడవునా చెరువులు ఊడ్చుకుపోయినప్పుడు ఆయనవీ పోయాయి. ఒక రాత్రి రెక్సిన్ సంచిలో లెక్కల పుస్తకాలు పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చున్నాడు. నాన్నగారు కొన్న కొబ్బరితోట అమ్మి ఆ అప్పు తీర్చాం. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. అన్నయ్య ఆ తర్వాత ఇరవై ఏళ్ళు కష్టపడి నిలదొక్కుకున్నాడు, కానీ నా చేతిలో ఇప్పుడు ఆ ఇరవై ఏళ్ళు లేవు. ఈ వయసులో డబ్బు పోతే ఏ జీతంతో పూడ్చుకుంటాను?

ధైర్యం చెప్పేవారు నా చుట్టూ చాలామందే ఉన్నారు. భయపడుతూనే మొదలుపెట్టినవారు ఏం చేశారో, ఎక్కడ ఆగారో తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

---

విశ్రాంత బ్యాంకు మేనేజరు, సీతమ్మధార (సోమవారం, రాత్రి 10:45)

మేస్త్రీ గారూ, ముందుగా ఒక మాట. మీకు చేతికి వచ్చిన మొత్తం ఎంతో ఇక్కడే కాదు, ఎక్కడా రాయకండి. పదవీ విరమణ సొమ్ము వాసన పట్టే మనుషులు వేరే ఉంటారు.

మీ భయాన్ని నేను తప్పుపట్టను. 28 ఏళ్ళ ఉద్యోగంలో నేను చూసినంతవరకు, భయపడినవారి కంటే భయపడనివారి ఖాతాలే ఎక్కువగా మొండి బకాయిలయ్యాయి. అయితే మీరు రెండు వేరు వేరు భయాలను కలిపి ఒకే మూటగా మోస్తున్నారని నాకనిపిస్తోంది. ఇల్లు గడవదేమోనన్నది ఒకటి, పెట్టిన పెట్టుబడి పోతుందేమోనన్నది మరొకటి. మీ అన్నయ్య గారి విషయంలో ఆ రెండూ ఒకటే అయ్యాయి, ఎందుకంటే ఇంటి డబ్బూ చెరువు డబ్బూ ఒకే సంచిలో ఉన్నాయి. మీరు వాటిని విడదీయగలరు.

అరవై నిండినవారు పోస్టాఫీసులోగాని బ్యాంకులోగాని సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 30 లక్షల వరకు వేసుకోవచ్చు. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ ప్రకారం ఆ 30 లక్షలపై మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు చేతికి వస్తాయి, అంటే నెలకు సుమారు 20,500. మీరు అంత వేయకపోయినా లెక్క ఆ పద్ధతిలోనే నడుస్తుంది. మన ప్రాంత కర్మాగారాల్లో చాలామందికి భవిష్య నిధి సంస్థ ఇచ్చే పింఛను, 15,000 రూపాయల వేతన పరిమితిని బట్టి లెక్కగట్టినది కావడంతో, ఇంటి ఖర్చుకు ఏ మూలకూ చాలదు. కాబట్టి బియ్యం, మందులు, కరెంటు బిల్లు, మనవళ్ళ పండగ బట్టలు అన్నీ కలిపి నెలకు ఎంతవుతుందో అణాపైసలతో రాసి, అది వడ్డీ మీదా పింఛను మీదా గడిచేటట్టు ముందు ఏర్పాటు చేసుకోండి. ఆ తర్వాత మిగిలినదాంట్లోంచి ఒక అంకె తీయండి. అది పూర్తిగా పోయినా మీ వంటింట్లో ఏమీ మారకూడదు. ఆ అంకెకు మించి ఒక్క రూపాయి వేయకూడదని ఈరోజే రాసి పెట్టుకోండి, ఎందుకంటే వ్యాపారం సగంలో ఉండగా అలాంటి గీత గీయడం ఎవరి వల్లా కాదు.

అప్పు గురించి కూడా చెబుతాను. 2015లో వచ్చిన ముద్ర పథకంలో 50 వేల వరకు శిశు, 5 లక్షల వరకు కిశోర్, 10 లక్షల వరకు తరుణ్ అన్న తరగతులున్నాయి, వీటికి ఇల్లు తాకట్టు అడగకూడదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో 18 ఏళ్ళు నిండి ఉండాలన్న నియమమే తప్ప వయసుకు పై పరిమితి లేదు, సేవా యూనిట్ల వ్యయ పరిమితిని 2022లో 20 లక్షలకు పెంచారు. ఈ ఉపాధి కల్పన పథకంలో ప్రభుత్వమిచ్చే సబ్సిడీ మీ చేతికి నేరుగా రాదు, మూడేళ్ళు బ్యాంకులో మీ పేరున డిపాజిట్‌గా నిలిచి ఆ తర్వాతే అప్పులో జమ అవుతుంది. ఈ సంగతి తెలియక సబ్సిడీ డబ్బుతోనే యంత్రం కొనవచ్చనుకుని వచ్చినవారిని ఎందరినో చూశాను. వివరాలకు జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళండి, మధ్యవర్తుల దగ్గరకు వెళ్ళకండి. అయినా నా సలహా ఏమిటంటే, మొదటి ఏడాది అప్పు వద్దు. అరవై ఏళ్ళ దరఖాస్తుదారు ఎదురుగా కూర్చుంటే, “మీ తర్వాత దీన్ని ఎవరు నడుపుతారండీ?” అన్న ప్రశ్న నేను పైకి అడిగినా అడగకపోయినా నా మనసులో ఉండేది. ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు తయారయ్యాకే బ్యాంకుకు వెళ్ళండి.

---

గృహిణి, ఎం.వి.పి. కాలనీ (మంగళవారం, ఉదయం 6:10)

మేస్త్రీ గారూ, నాది పంపుల పని కాదు, పిండివంటల పని. కానీ మీ సందేశం చదివాక నిద్ర పట్టక, తెల్లవారుజామునే లేచి రాస్తున్నాను.

మా వారు పోయేనాటికి నాకు 54 ఏళ్ళు. ఆయన అధికారి హోదాలో పనిచేసినవారు. నాకు డబ్బు భయం కంటే పెద్ద భయం ఇంకొకటి ఉండేది. ఫలానా ఆఫీసరు గారి భార్య జంతికలు అమ్ముకుంటోందని అంటారేమోనని గుమ్మం దాటలేకపోయేదాన్ని. ఈ నామోషీ గురించి మగవారు పైకి చెప్పరు, కానీ వారికీ ఉంటుందని నా నమ్మకం. ముప్ఫై ఏళ్ళు పేరు పక్కన ఒక హోదా రాసుకున్నవారికి, ఆ హోదా లేకుండా ఒక కొనుగోలుదారు ముందు నిలబడటం తేలిక కాదు.

నేను చేసిందల్లా చూసేవారి సంఖ్య తగ్గించుకోవడం. మొదటి నాలుగు నెలలు మా అపార్టుమెంటులో 12 ఇళ్ళకు తప్ప ఎవరికీ అమ్మలేదు. బోర్డు లేదు, పేరు లేదు. చోడిపిండి జంతికలు, నువ్వుల చిమ్మిలి, అనకాపల్లి బెల్లంతో అరిసెలు చేసేదాన్ని. ఆ 12 ఇళ్ళే నాకు అన్నీ నేర్పాయి. మన ఊరి సముద్రపు గాలికి ఉదయం కరకరలాడిన జంతికలు మర్నాటికి మెత్తబడిపోయేవి. వర్షాకాలంలో ఒక వాయి మొత్తం, దాదాపు ఆరు కిలోలు, తిరిగి వచ్చింది. ఆ రోజు చాలా ఏడ్చాను. ఒకవేళ మొదటే దుకాణం అద్దెకు తీసుకుని, రెండువందల కిలోలు చేసి ఉంటే ఏమయ్యేదో తర్వాత ఆలోచించాను. మందమైన కవర్లు, సీలు వేసే చిన్న యంత్రం కొన్నాను, పూర్తిగా చల్లారాకే కట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ తర్వాతే 2022లో ఆహార భద్రత రిజిస్ట్రేషను తీసుకున్నాను. చిన్న వ్యాపారికి అప్పట్లో దాని రుసుము ఏడాదికి 100 రూపాయలే.

ఇప్పుడు నాకు 60. ఇద్దరు అమ్మాయిలు నా దగ్గర పనిచేస్తున్నారు. సంక్రాంతికి ముందు ఇరవై రోజులు మాత్రం చేతులు ఖాళీ ఉండవు. నామోషీ ఎప్పుడు పోయిందో నాకు గుర్తులేదు. ఒకరోజు రైతుబజారులో మా వారి పాత సహోద్యోగి కనబడి, “అమ్మా, మీ అరిసెలు ఇంకో కిలో కావాలి” అన్నారు. సిగ్గుపడాలన్న సంగతి ఇంటికి వచ్చాక గాని నాకు తట్టలేదు.

---

కంచరపాలెం కుర్రాడు (మంగళవారం, ఉదయం 8:30)

బాబాయి గారూ, వయసు అడ్డంకి అనుకోకండి. అమెరికాలో ఆర్థికవేత్తలు అక్కడి జనగణన సమాచారంతో చేసి 2020లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అత్యంత వేగంగా ఎదిగిన కొత్త కంపెనీల వ్యవస్థాపకుల సగటు వయసు 45గా తేలింది. మన ఊళ్ళోనే చూడండి. సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగినప్పుడు దాన్ని తలపెట్టిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ గారికి 58 ఏళ్ళు. ఆయన వెనకడుగు వేసి ఉంటే విశాఖలో ఓడలే తయారయ్యేవి కావు.

---

యారాడ కొండ (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

కుర్రాడు చెప్పిన వయసు సరైనదే, అయితే ఆ కథ సగమే చెప్పాడు. నేను నౌకా నిర్మాణంలోనే పనిచేసి విరమించినవాడిని కనుక మిగతా సగం చెబుతాను.

వాల్‌చంద్ గారు 1882లో పుట్టారు. విశాఖలో శంకుస్థాపన 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారి చేతుల మీదుగా జరిగింది. కానీ ఆయన ఓడల వ్యాపారంలోకి దిగింది 1919లో. అంటే బ్రిటిష్ కంపెనీల పోటీని తట్టుకుంటూ 22 ఏళ్ళు ఓడలు నడిపిన తర్వాత ఓడలు కట్టడానికి వచ్చారు. పక్కన సంస్థ బలం, భాగస్వాముల బలం ఉన్నాయి. ఏడాది తిరగకుండా 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేశాయి, పని చెదిరిపోయింది. మొదటి ఓడ ‘జల ఉష’ నీటిలోకి దిగింది 1948 మార్చిలో, నెహ్రూ గారి చేతుల మీదుగా. ఏడేళ్ళు పట్టిందన్నమాట. 1952లో ప్రభుత్వం ఆ సంస్థలో ప్రధాన వాటా తీసుకుంది.

మేస్త్రీ గారికి ఇందులో పనికివచ్చేది ఆ 22 ఏళ్ళే. కుర్రాడు చెప్పిన పరిశోధనలో కూడా, అదే రంగంలో ముందే పనిచేసినవారు మిగతావారి కంటే బాగా నిలబడ్డారనే ఉంది. మాస్టారూ, మీరు 33 ఏళ్ళు పంపులు విప్పి బిగించారు. మీరు దిగేది తెలిసిన నీళ్ళలోకే. అయితే ఉద్యోగంలో విడిభాగం కావాలంటే స్టోర్స్‌కు చీటీ రాస్తే వచ్చేది, క్రేను కావాలంటే ఫోను చేస్తే వచ్చేది. బయట అవేవీ ఉండవు. మీ నైపుణ్యంలో మీ చేతిది ఎంత, ఆ సంస్థ ఏర్పాట్లది ఎంత అన్నది ఒకసారి నిజాయితీగా లెక్క వేసుకోండి.

---

మధురవాడ నివాసి (మంగళవారం, రాత్రి 8:05)

నష్టపోయినవాడు కూడా ఒకడు మాట్లాడాలి కనుక రాస్తున్నాను.

నేను 57వ ఏట స్వచ్ఛంద విరమణ తీసుకుని, ఒక తినుబండారాల సంస్థ ఫ్రాంచైజీ తీసుకున్నాను. రుసుము, గది అడ్వాన్సు, లోపలి అలంకరణ, వంట పరికరాలు, అన్నీ కలిపి 22 లక్షలు తలుపు తెరవకముందే ఖర్చయ్యాయి. 14 నెలల్లో మూసేశాను. పరికరాలు అమ్మితే 2 లక్షల 80 వేలు వచ్చాయి.

నాకు భయం లేదనుకోకండి, చాలా భయం వేసింది. సంతకం చేసే ముందు రోజు రాత్రి నిద్రపోలేదు. కానీ ఆ భయాన్ని పిరికితనం అనుకుని అణచివేశాను. అప్పటికి నేను ఒక్క పూట కూడా హోటల్లో పనిచేసి ఎరుగను. వంటమనిషి రాకపోతే ఏం చేయాలో తెలియదు. ఆ రాత్రి వేసిన భయం నాకు ఆ విషయమే చెబుతోంది, నేను వినలేదు. మేస్త్రీ గారూ, మీ భయం ఏ మాట చెబుతోందో అడిగి చూడండి. పని రాదని చెబుతోందా, డబ్బు పోతుందని చెబుతోందా, ఒంట్లో ఓపిక లేదని చెబుతోందా? నా భయం చెప్పింది మొదటిది, దానికి మందు ఆరు నెలలు వేరేవారి దగ్గర పనిచేసి నేర్చుకోవడమే. నేను ఆ మందు వేసుకోలేదు.

డబ్బు పోయినందుకు కంటే, మా అమ్మాయి పెళ్ళి ఏడాదిన్నర వాయిదా పడినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

---

పంపుల మేస్త్రీ, కూర్మన్నపాలెం (మంగళవారం, రాత్రి 10:30)

మధురవాడ నివాసి గారూ, మీరు ఇది రాయడానికి ఎంత మనసు కష్టపెట్టుకున్నారో నాకు అర్థమైంది. మీకు నమస్కారం. మీరడిగిన ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను. పని రాదన్న భయం నాకు లేదు. ఓపిక ఉంది, మోకాళ్ళు కొంచెం ఇబ్బంది పెడతాయి. బరువైన పంపు ఎత్తడానికి చైన్ పుల్లీ, ఒక కుర్రవాడు తప్పనిసరి. మిగిలింది డబ్బు భయమే. ఇంకా లోతుగా చూసుకుంటే, మా ఆవిడ ముందు రెక్సిన్ సంచితో కూర్చోవలసి వస్తుందేమోనన్న భయం. అందుకే ఆమెకు చెప్పలేకపోతున్నాను.

---

అక్కయ్యపాలెం సోదరి (బుధవారం, ఉదయం 11:00)

అన్నయ్య గారూ, ఒక భార్యగా చెబుతున్నాను, కోపగించుకోకండి. మీరు చెప్పకపోయినా మీ ఇంట్లో ఆవిడకు తెలిసే ఉంటుంది. మా వారు 61వ ఏట ఎలక్ట్రికల్ సామాను దుకాణం పెట్టాలనుకున్నప్పుడు మూడు నెలలు నా దగ్గర దాచారు. ఆయన ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడిన ప్రతిసారీ, ఉన్నదానికంటే పదింతలు పెద్ద ప్రమాదం నేను ఊహించుకున్నాను.

చెప్పిన తర్వాత నేను వద్దనలేదు. నాలుగు మాటలు కాగితం మీద రాయమన్నాను. ఇంటి దస్తావేజులు బ్యాంకుకు వెళ్ళకూడదు. నా బంగారం కదలకూడదు. ఒక డిపాజిట్ నా పేరున ఉండాలి, దాని కాగితం నా బీరువాలో ఉండాలి. పిల్లలను డబ్బు అడగకూడదు. ఆయన సంతకం చేశారు. ఆ కాగితం నాకంటే ఆయనకే ఎక్కువ ధైర్యం ఇచ్చిందని తర్వాత ఆయనే అన్నారు, ఎందుకంటే దుకాణం ఏమైపోయినా మా ఇద్దరికీ నష్టం కలగని భాగం ఎంతో ఆయనకు కళ్ళెదుట కనబడింది. ఇప్పుడు సాయంత్రం లెక్కలు నేనే రాస్తున్నాను. ఎవరు అరువు ఎగ్గొట్టేవారో ఆయనకంటే ముందు నాకే తెలుస్తుంది.

---

ముద్రణాలయం, డాబాగార్డెన్స్ (బుధవారం, మధ్యాహ్నం 3:40)

ఒక్క విషయం చెప్పి వెళ్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నా ముద్రణాలయం పైకప్పు రేకులు లేచిపోయి, కాగితం కట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. పక్క దుకాణానికి బీమా ఉంది, నాకు లేదు. ఆయన రెండు నెలల్లో తేరుకున్నారు, నాకు రెండేళ్ళు పట్టింది. రేకుల షెడ్డులో మోటార్లు పెట్టుకునేవారు మొదటి నెల అద్దెతోపాటే తుపాను, వరద, అగ్నిప్రమాదం కలిసిన బీమా తీసుకోండి. పాలసీలో కొనుగోలుదారులు బాగుచేయడానికి ఇచ్చిన వస్తువులు కూడా చేరాయో లేదో చదివి చూసుకోండి. మీ షెడ్డులో ఉండే పంపులు మీవి కావు.

---

లేత్ పని, ఆటోనగర్ (బుధవారం, రాత్రి 9:50)

మేస్త్రీ గారూ, నేను ఆటోనగర్‌లో 19 ఏళ్ళుగా లేత్ నడుపుతున్నాను. మీలాంటివారు వస్తే మాకే మేలు, ఎందుకంటే షాఫ్టు స్లీవులు, బుష్‌లు మా దగ్గరే చేయించుకుంటారు. అందుచేత నా మాటలో కొంత స్వార్థం ఉందని అనుకుని చదవండి.

షెడ్డు మొత్తం తీసుకోకండి. ఇక్కడ సగం ఖాళీగా ఉన్న షాపులు చాలా ఉన్నాయి. ఒక మూల పది అడుగుల బెంచీ, ఒక వైసు, తాళం వేసే అల్మరా, రాత్రి కాపలా కలిపి నెల అద్దెకు మాట్లాడుకోవచ్చు. లేత్, డ్రిల్లింగ్ యంత్రం మీరు కొనవద్దు, గంటల లెక్కన పని చేయించుకోండి. సీళ్ళు కూడా మీరు కొని నిల్వ చేయకండి. రసాయన పంపు సీలు ఒక్కటే వేలల్లో ఉంటుంది, సైజులు వందల్లో ఉంటాయి, పెట్టుబడి అక్కడే ఇరుక్కుంటుంది. సీలు కంపెనీవారినే తెచ్చి ఇమ్మని, విప్పడం, ల్యాపింగ్ (సీలు ముఖాలను సమంగా, నునుపుగా అరగదీయడం), బిగించడం, పరీక్షించడం కూలి మాత్రమే మీరు తీసుకోండి. లాభం కొంత తగ్గుతుంది, నిద్ర పడుతుంది.

మీరు అడగలేదు గాని, అసలైన నష్టం ఇంకొకచోట ఉంది. పని చేశాక డబ్బు రాకపోవడం. నా మొదటి రెండేళ్ళలో ఒక కంపెనీ నాకు 1 లక్షా 40 వేలు ఎనిమిది నెలలు ఆపింది. అప్పుడు నాకు చట్టం తెలియదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది. ఇప్పుడు ఆదాయపన్ను చట్టంలో కూడా, గడువులోగా చెల్లించని బిల్లును ఆ సంవత్సరం ఖర్చుగా చూపుకోనివ్వరు, అందువల్ల పెద్ద కంపెనీల అకౌంట్స్ వారు మార్చి నెలలో మమ్మల్ని వారే పిలిచి అడుగుతున్నారు. ఇందుకోసం ఉద్యమ్ రిజిస్ట్రేషను, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకోండి. అది ఉచితం, ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు, ఎవరైనా రెండు వేలు అడిగితే ఇవ్వకండి. ఆ సంఖ్య ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించండి. వర్క్ ఆర్డరు కాగితం లేకుండా పంపు విప్పకండి, అడిగేవారు మీ పాత స్నేహితులైనా సరే. నిజానికి స్నేహితుల దగ్గరే ఈ నియమం ఎక్కువ అవసరం.

---

పంపుల మేస్త్రీ, కూర్మన్నపాలెం (ఆదివారం, రాత్రి 8:15)

నాలుగు రోజులు రాయలేదు, మన్నించండి. ఈ నాలుగు రోజుల్లో జరిగింది చెబుతాను.

గురువారం రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడతో మాట్లాడాను. అక్కయ్యపాలెం సోదరి చెప్పింది నిజమే, ఆమెకు తెలుసు. షెడ్డు చూడటానికి వెళ్ళిన రెండుసార్లూ నా చొక్కాకు గ్రీజు అంటిందట. విరమణ చేసినవాడి చొక్కాకు గ్రీజు ఎందుకు అంటుందని అడుగుదామనుకుని ఊరుకుందట. సోదరి చెప్పిన నాలుగు మాటలూ రాశాం, ఆమె అయిదోది చేర్చింది: మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వచ్చి భోజనం చేసి, ఒక గంట పడుకోవాలి.

మేనేజరు గారు చెప్పినట్టు ఇంటి ఖర్చు లెక్క రాశాం. శుక్రవారం పోస్టాఫీసుకు వెళ్ళి పొదుపు పథకంలో ఖాతా తెరిచాం. వర్క్‌షాపుకు మేము గీసుకున్న గీత 3 లక్షల 50 వేలు. వేరే బ్యాంకులో వేరే ఖాతా తెరిచి అందులో వేశాం. అది అయిపోయిన రోజు, పని సగంలో ఉంటే ఆ పని ముగించి, బెంచీ ఖాళీ చేసేస్తాను. ఆ మాట రాసుకున్న తర్వాత, నాకే ఆశ్చర్యం కలిగేంతగా ఆ రాత్రి నిద్ర పట్టింది.

నిన్న మా అన్నయ్య దగ్గరకు కూడా వెళ్ళాను. ఆయనకు ఇప్పుడు 71. విషయం చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “నేను ఆ ఏడు మొదటి పంట లాభమంతా తెచ్చి మళ్ళీ చెరువుల్లోనే పోశాను, ఒక్క రూపాయి ఇంట్లో ఉంచలేదు. నువ్వు అలా చేయకు” అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ చెరువుల గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

లేత్ పని మిత్రులు చెప్పినట్టే ఆటోనగర్‌లో ఒక షాపులో ఒక మూల మాట్లాడుకున్నాను. ఉద్యమ్ నమోదు మా అబ్బాయి ఫోనులోనే పూర్తయింది. నాతో పనిచేసి, ఇప్పుడు పరవాడలో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ చూస్తున్న మిత్రుడు ఒక పంపు పంపుతున్నాడు, సీలు కారుతోందట. వర్క్ ఆర్డరు అడిగాను. ఏమనుకుంటాడో అని నాలుక తడారిపోయింది, కానీ అతను వెంటనే పంపాడు. పంపు బుధవారం ఉదయం వస్తుంది. భయం ఇంకా ఉంది, అయితే ఇప్పుడది ఆ సీలు ముఖాలు సమంగా కూర్చుంటాయా లేదా అన్న భయం. ఆ భయం నాకు 33 ఏళ్ళుగా అలవాటే.

పనిముట్లు దాదాపు సమకూరాయి. అలైన్‌మెంటుకు డయల్ గేజ్ ఒక్కటే ఇంకా కొనలేదు.

---

యారాడ కొండ (ఆదివారం, రాత్రి 9:05)

మాస్టారూ, డయల్ గేజ్ కొనకండి. నా దగ్గర ఒకటి మాగ్నెటిక్ స్టాండుతో సహా పెట్టెలో ఉంది, విరమణ తర్వాత తీయలేదు. మంగళవారం సాయంత్రం మల్కాపురం వైపు వస్తాను, ఆటోనగర్‌కు తెచ్చి ఇస్తాను. ముల్లు సున్నా దగ్గర సరిగ్గా నిలుస్తోందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.